డార్విన్ ఉత్తరాలు, మన మేనరికాలు

(అమీర్‌పేటలో జరిగిన సంఘం విత్తన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నడిగడ్డ నుంచి సీడ్ పత్తి రైతులు వచ్చారు. కరీంనగర్ వైపు నుంచి హైబ్రిడ్ వరి సీడ్ చేసే రైతులు వచ్చారు. పొద్దటి నుంచి కంపెనీల ఒప్పందాల మీద, ఆర్గనైజర్ల లెక్కల మీద, ఫెయిలైన విత్తనం మీద చాలామంది మాట్లాడారు. మాకు అప్పజెప్పిన విషయం కొంచెం వేరు. నూట యాభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరాల గురించి చెప్పమన్నారు. ఇంగ్లండు ఉత్తరాలతో రైతు సంఘానికేం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

ఆయన పేరు ఛార్లెస్ డార్విన్. 1809లో పుట్టాడు, 1882లో చనిపోయాడు. కోతి నుంచి మనిషి వచ్చాడన్నాయన కదా అంటారు చాలామంది. ఆ మాట పక్కన పెడదాం. ఆయన జీవితంలో ఎక్కువ కాలం ఏం చేశాడో చూస్తే మనకు దగ్గరివాడిలా కనిపిస్తాడు. లండన్‌కు దూరంగా డౌన్ అనే పల్లెలో ఇల్లు, తోట, చిన్న పొలం పెట్టుకొని, పూలు కాయలెలా అవుతాయో ఏళ్ళ తరబడి చూశాడు. ఒంట్లో ఎప్పుడూ బాగుండేది కాదు. ఊరు దాటి వెళ్ళేది తక్కువ. అందుకని ఉత్తరాలు రాసేవాడు. ఆయన రాసినవీ, ఆయనకు వచ్చినవీ కలిపి 15,000 పైగా ఉత్తరాలు దొరికాయి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్ళు వాటిని 30 సంపుటాలుగా అచ్చేశారు. సంఘంలో చదువుకున్న పిల్లలు వాటిలో కొన్ని చదివి మనకు తెలుగులో చెప్పారు. వాళ్ళు చెప్పగా విన్నదే ఇప్పుడు మేము చెప్పేది.

ఎవరికి రాశాడో ముందు చూద్దాం. పెద్ద పెద్ద ప్రొఫెసర్లకు రాశాడు, నిజమే. వాళ్ళతో పాటు తోటమాలులకు రాశాడు, పావురాలు పెంచేవాళ్ళకు రాశాడు, విత్తనాలు అమ్మేవాళ్ళకు రాశాడు. 'గార్డెనర్స్ క్రానికల్' అని తోటపని వాళ్ళు చదివే పత్రిక ఒకటి ఉండేది. 1857లో, 1858లో ఆ పత్రికకు బీన్స్ గురించి ఉత్తరాలు రాశాడు. సంగతేమిటంటే, బీన్స్ మొక్కల మీద పల్చటి గుడ్డ కప్పి తేనెటీగలు రాకుండా చేశాడు. గుడ్డ కప్పిన మొక్కలకు కాయ బాగా తగ్గింది. తేనెటీగ వాలినప్పుడు పువ్వు రేక ఎలా కదులుతుందో అలాగే చేత్తో కదిలిస్తే కాయ పట్టింది. ఇది మీ తోటల్లో ఎవరైనా చూశారా, రెండు మూడు రకాలు పక్కపక్కన వేస్తే గింజ మారిందా అని పాఠకులను అడిగాడు. అంత చదువుకున్న మనిషి తోటమాలిని అడగడానికి సిగ్గుపడలేదు.

క్లోవర్ అని ఒక పశుగ్రాసం ఉంది. మన పాడి రైతులకు తెలిసిన బర్సీం ఆ జాతిదే. ఎర్ర క్లోవర్ పూగుత్తులు 100 తేనెటీగలకు వదిలేస్తే 2,700 గింజలు వచ్చాయి. ఇంకో 100 గుత్తులకు ఈగ వాలకుండా కప్పితే ఒక్క గింజ రాలేదు. లెక్క పెట్టి రాశాడాయన. 'తక్కువ వచ్చింది', 'బాగా తగ్గింది' అని వదిలేయలేదు.

జాన్ స్కాట్ అనే తోటమాలి సంగతి కూడా చెప్పాలి. ఎడిన్‌బరో తోటలో పనిచేసేవాడు. 1862లో ఆర్కిడ్ పూల మీద డార్విన్ ఒక పుస్తకం వేశాడు. అందులో ఒక పువ్వు గురించి రాసింది సరిగా లేదని స్కాట్ ఉత్తరం రాశాడు. ఓ కూలి తోటమాలి నాకు చెప్పేవాడా అని డార్విన్ అనుకోలేదు. కృతజ్ఞత చెప్పి, ఇంకేం చూశావో రాయమన్నాడు. ఏళ్ళ తరబడి ఇద్దరూ రాసుకున్నారు. 1864లో స్కాట్ మన దేశానికి వచ్చాడు. ఓడ చార్జీలు డార్విన్ ఇచ్చాడు. తర్వాత కలకత్తా బొటానికల్ తోటలో స్కాట్‌కు ఉద్యోగం దొరికింది.

ఇక మనకు బాగా పనికొచ్చే ప్రయోగం. ఒకే మొక్క పుప్పొడి అదే మొక్కకు పడితే ఏమవుతుంది, వేరే మొక్క పుప్పొడి పడితే ఏమవుతుంది? ఈ ప్రశ్న మీద ఆయన 11 ఏళ్ళు పనిచేసి 1876లో పుస్తకం వేశాడు. తూటి జాతికి చెందిన ఒక పూల తీగను తీసుకున్నాడు. కొన్నిటిని తమ పుప్పొడితోనే కాయించాడు. కొన్నిటికి వేరే మొక్క పుప్పొడి చేత్తో అంటించాడు. రెండు రకాల గింజలనూ ఒకే కుండీలో అటూ ఇటూ నాటి, కట్టెలు పాతి ఎక్కించి, ఎత్తు కొలిచాడు. అలా 10 తరాలు చేశాడు. క్రాసింగ్ చేసిన మొక్కల సగటు ఎత్తు 100 అనుకుంటే, తమలో తాము కాసినవాటి ఎత్తు 77 వచ్చింది.

ఈ మాట వినగానే నడిగడ్డ రైతులు నవ్వుతున్నారు. మాకు తెలియదా అని. నిజమే, మీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? సాయంత్రం పూట ఆడ లైన్లో మొగ్గ ఒలిచి, తెల్లారి మగ పువ్వు తెచ్చి పుప్పొడి రుద్దేది మీరు. కరీంనగర్‌లో మడి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు తాడు పట్టుకొని లాగి మగ వరి పుప్పొడి ఆడ వరి మీద దులిపేది మీరు. డార్విన్ తర్వాత అమెరికాలో మొక్కజొన్న మీద ఇదే పని సాగింది. 1908లో షల్ అనే శాస్త్రవేత్త హైబ్రిడ్ మొక్కజొన్నకు దారి చూపాడు. మన దేశంలో 1970లో సూరత్‌లో సీ.టీ. పటేల్ హెచ్-4 హైబ్రిడ్ పత్తి తెచ్చాడు. ప్రపంచంలో అమ్మకానికి వచ్చిన మొదటి హైబ్రిడ్ పత్తి అదే. ఈ విత్తన వ్యాపారమంతా ఒక్క సూత్రం మీద నిలబడింది. దగ్గరి రక్తం కలిస్తే పంట జావగారుతుంది, దూరపు రక్తం కలిస్తే లేచి నిలబడుతుంది. ఈ సూత్రం మన చేతుల మీదుగానే నడుస్తోంది.

మరి ఇదే సూత్రం మన ఇళ్ళ దగ్గర ఏమవుతోంది? ఈ రోజు అడగాల్సిన ప్రశ్న అది. డార్విన్ తన ఇంటి గురించి అదే ప్రశ్న వేసుకున్నాడు.

1839లో ఆయన పెళ్ళి చేసుకున్న అమ్మాయి పేరు ఎమ్మా. ఎవరామె? సొంత మేనమామ కూతురు. అంటే మనం చేసుకునే మేనరికమే. అంతకు రెండేళ్ళ ముందు, 1837లో, డార్విన్ అక్క కరోలిన్‌ను ఎమ్మా అన్నకు ఇచ్చి చేశారు. ఇది మన కుండమార్పిడి. వాళ్ళ తాతకు పింగాణీ పాత్రల పెద్ద కార్ఖానా ఉండేది. అంత ఆస్తి ఉన్న ఇంట్లో పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకుంటే సొమ్ము బయటకు పోదు. మన ఎకరాల లెక్క ఏదో, వాళ్ళ కార్ఖానా లెక్క అలాంటిదే.

ఆ దంపతులకు 10 మంది పిల్లలు. ముగ్గురు చిన్నప్పుడే పోయారు. 1842లో మూడు వారాల పసిగుడ్డు పోయింది. 1851లో ఆనీ అనే 10 ఏళ్ళ కూతురు పోయింది. ఆ పిల్లంటే తండ్రికి ప్రాణం. 1858లో ఏడాదిన్నర పిల్లవాడు విషజ్వరంతో పోయాడు. మిగిలిన పిల్లల్లోనూ కొందరు తరచూ జబ్బు పడేవాళ్ళు. తన రోగిష్టితనం పిల్లలకు వచ్చిందేమో, మేనరికం వల్ల ఏమైనా అయిందేమో అన్న భయం ఆయన ఉత్తరాల్లో పదే పదే కనిపిస్తుంది. ఆ పిల్లలే తోటలో ఆయనకు పనిలో సాయం. తుమ్మెదలు ఏ దారిన పోతున్నాయో చూడమని ఒక్కో పిల్లను ఒక్కో చోట నిలబెట్టేవాడు. పెద్దయ్యాక ఒక కొడుకు పూల కొలతలు రాసి పంపేవాడు. ఇంకో కొడుకు ఫ్రాన్సిస్ ప్రయోగాల్లో చేదోడు. 1876లో పుస్తకం అచ్చు పని జరుగుతుండగా ఫ్రాన్సిస్ భార్య పురుడు పోసుకొని చనిపోయింది. పసికందును తీసుకొని ఫ్రాన్సిస్ తండ్రి ఇంటికే వచ్చాడు. మొక్కల గురించి రాసిన ఉత్తరాల పక్కనే ఇలాంటి ఉత్తరాలున్నాయి. రెండూ ఒకే చేత్తో రాసినవి.

భయపడి ఊరుకుంటే ఆయన గురించి ఇక్కడ చెప్పుకోనవసరం లేదు. 1870లో ఆయన లబ్బక్ అనే పార్లమెంటు సభ్యుడికి ఉత్తరం రాశాడు. వచ్చే ఏడాది జనాభా లెక్కలు తీస్తారు కదా, భార్యాభర్తలు దగ్గరి బంధువులా కాదా అన్న ప్రశ్న అందులో చేర్చండి, మంచో చెడో లెక్క తేలుతుందని అడిగాడు. లబ్బక్ సభలో పెట్టాడు. సభ ఒప్పుకోలేదు. జనం ఇళ్ళలో తొంగి చూడటమేమిటన్నారు. అప్పుడు ఆయన కొడుకు జార్జి సొంతంగా వివరాలు సేకరించి 1875లో అచ్చేశాడు. ఆ లెక్కలో కీడు అనుకున్నంత పెద్దగా కనిపించలేదు. డార్విన్ ఆ మాట కూడా దాచలేదు. తనకు భయం ఉంది కదా అని లెక్కను తనవైపు లాక్కోలేదు.

ఇంగ్లండు సంగతి ఇంతటితో ఆపుదాం. ఈ రెండు ప్రశ్నలనూ మన తెలుగువాడొకాయన కూడా పట్టుకున్నాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. హాల్డేన్ అనే గొప్ప జన్యు శాస్త్రవేత్త 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చి కలకత్తాలో చేరాడు. మన కుర్రాడు ఆయనకు ఉత్తరం రాసి శిష్యుడుగా చేరాడు. మొదట చేసిన పని సీతాకోకచిలుకల మీద. గట్ల మీద పెరిగే పులికంప ఉంది కదా, కొన్నిచోట్ల తలంబ్రాల చెట్టంటాం, దాని పూలు రకరకాల రంగుల్లో ఉంటాయి. ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతుందో కూర్చొని లెక్క రాశాడు. ఒక్కో జాతి ఒక్కో రంగును ఎంచుకుంటోందని తేల్చాడు. తర్వాత మీరాఖాన్ అనే వైద్యుడితో కలిసి 1960 ప్రాంతంలో ఆంధ్రలో మేనరికాలను లెక్కించాడు. డార్విన్ అడిగితే బ్రిటిష్ పార్లమెంటు కాదన్న ప్రశ్నను మనవాళ్ళు మన జనం మధ్యకు వచ్చి అడిగారు. ఈ రోజు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా భర్త మీకు బంధువా అన్న ప్రశ్న ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో ఇలాంటి పెళ్ళిళ్ళు ఉత్తరాది కంటే చాలా ఎక్కువని ఆ సర్వేలు చెబుతున్నాయి.

ఇప్పుడు అసలు కారణం చెప్పుకుందాం. డార్విన్‌కు తెలియంది ఈనాడు మనకు తెలుసు. ప్రతి మనిషిలో కొన్ని లోపాలు దాగి ఉంటాయి. జత జన్యువుల్లో ఒకటి చెడ్డదైనా రెండోది మంచిదైతే పైకి ఏమీ కనిపించదు. మొగుడిలో, పెళ్ళాంలో ఒకే లోపం దాగి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు రెండూ చెడ్డవే వచ్చే అవకాశం ఉంది. తలసేమియా అలా వస్తుంది. పుట్టు చెవుడులో కొన్ని రకాలు అలా వస్తాయి. ఒకే తాతముత్తాతల నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. లెక్కలో చెప్పాలంటే, మేనత్త మేనమామ బిడ్డలు చేసుకుంటే పుట్టే పిల్లల్లో పదహారింట ఒక వంతు జన్యువుల జతలు రెండువైపులా ఒకే పెద్దల నుంచి వచ్చినవై ఉంటాయి. మేనమామ అక్క కూతుర్ని చేసుకుంటే ఎనిమిదింట ఒక వంతు, అంటే సరిగ్గా రెట్టింపు.

భయపెట్టడానికి కాదు ఈ మాట. ఏ పెళ్ళిలో అయినా 100 కాన్పుల్లో రెండు మూడింటిలో బిడ్డకు పెద్ద లోపం ఉండవచ్చు. మేనత్త మేనమామ బిడ్డల పెళ్ళిలో అది దాదాపు రెట్టింపు అవుతుంది. మేనమామ, మేనకోడలు పెళ్ళిలో ఇంకా పెరుగుతుంది. అంటే ఎక్కువమంది పిల్లలు బాగానే పుడతారు. అందుకే మన పెద్దలు "మా అయ్య మేనరికమే, మా తాత మేనరికమే, మాకేమైంది?" అంటారు. డార్విన్ కుండీల్లో కూడా అలాంటిదొకటి వచ్చింది. ఆరో తరంలో తన పుప్పొడితోనే పుట్టిన ఒక మొక్క పక్కనున్న క్రాసింగ్ మొక్కను దాటి పెరిగింది. దానికి 'హీరో' అని పేరు పెట్టి మరీ పుస్తకంలో రాశాడు. కానీ ఒక్క హీరోను చూసి 10 తరాల లెక్కను కొట్టేయలేదు. మీ ఇంట్లో హీరో ఉంటే సంతోషం. పక్కింటి లెక్క కూడా చూడండి.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. "వరి తన పుప్పొడితోనే కాస్తుంది, వేరుశనగా అంతే. వాటికేమైంది?" మంచి ప్రశ్న. వేల ఏళ్ళలో ఆ పంటల్లో బలహీనమైనవన్నీ రాలిపోయాయి. ఇప్పటికీ సీడ్ మడిలో మనం ఏం చేస్తున్నాం? కేళీలు ఏరి పారేస్తాం. నాలుగుసార్లు మడిలో తిరిగి పీకేస్తాం. ఇంట్లో అలా చేయగలమా? అవిటి బిడ్డ పుట్టినా, మాటరాని బిడ్డ పుట్టినా ఆ బిడ్డ మన బిడ్డే. గుండెలకు హత్తుకొని పెంచుతాం. పొలంలో తప్పు జరిగితే దాన్ని మొక్క మోస్తుంది. ఇంట్లో జరిగితే బిడ్డ మోస్తుంది, తల్లి మోస్తుంది.

తల్లి మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. ఇలాంటి బిడ్డ పుట్టినప్పుడు కోడల్ని తిట్టే ఇళ్ళున్నాయి. రెండో పెళ్ళి మాట ఎత్తే ఇళ్ళున్నాయి. లోపం ఇద్దరి నుంచీ వస్తేనే ఇలాంటి జబ్బు పైకి వస్తుంది. అత్తకు కోడలు వరసకు మేనకోడలే కదా, ఆ రక్తం ఎక్కడిది? తిట్టే నోరు ఒక్కసారి ఇది ఆలోచించాలి.

ఇప్పుడు ఈ ఊరి సంగతికి వద్దాం. అమీర్‌పేట అంటే మన పిల్లలకు కోచింగ్ సెంటర్లు. మనకు మాత్రం పక్కనున్న పంజాగుట్ట అంటే నిమ్స్ ఆసుపత్రి. ఈ హాలు నుంచి నడిచి వెళ్ళేంత దూరం. ఎల్‌ఓసీ కాగితం పట్టుకొని ముఖ్యమంత్రి సహాయనిధి కోసం తిరిగిన రైతులు ఈ హాల్లోనే ఎంతోమంది ఉన్నారు. ఆ ఆసుపత్రిలో జన్యు వ్యాధుల విభాగం ఉందని మనలో ఎంతమందికి తెలుసు? ఇటు పక్క బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళ జన్యుశాస్త్ర సంస్థ, జన్యు వ్యాధుల ఆసుపత్రి ఉన్నాయి. పెళ్ళికి ముందు, కాన్పుకు ముందు వెళ్ళి అడగాల్సిన చోట్లు ఇవి. మనం మాత్రం బిడ్డ పుట్టి, ఊళ్ళో నలుగురు డాక్టర్లను తిరిగి, రెండెకరాలు కుదువపెట్టాక వస్తాం.

రైతు సంఘం దీన్నెందుకు ఎత్తుకుందో ఇప్పుడు తెలిసి ఉంటుంది. మేనరికానికి మూలం ప్రేమ ఒక్కటే కాదు, పొలం. ఆడపిల్లకు ఇచ్చే ఎకరం గట్టు దాటకూడదు. కట్నం తగ్గుతుంది. తెలిసిన ఇంట్లో పిల్ల సుఖపడుతుంది. ఈ లెక్కలన్నీ నిజమైనవే, మేము కాదనం. అత్త కష్టపెట్టదన్న ధైర్యం చిన్నది కాదు. కానీ ఆ పెళ్ళిలో వద్దనడానికి పిల్లకు నోరుండదు. మామయ్యను కాదంటే అమ్మ పుట్టిల్లే దూరమవుతుంది. ఇక పొలం లెక్క చూడండి. రైతు అప్పుల చిట్టా ఏ ఊళ్ళో తీసినా విత్తనం, ఎరువు, బోరు తర్వాత ఆసుపత్రి ఉంటుంది. తలసేమియా బిడ్డకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అదీ ఏళ్ళ తరబడి. కూలి పోతుంది, బస్సు చార్జీలు, మందులు. గట్టు దాటకూడదని ఏ ఎకరం కోసం మేనరికం చేశామో, ఆ ఎకరమే ఆసుపత్రి ఖర్చుకు అమ్ముకున్న ఇళ్ళు మన పల్లెల్లో ఉన్నాయి.

ఆడపిల్ల వాటా గురించి చట్టం ఎప్పుడో మారింది. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో ఆస్తి హక్కు చట్టం తెచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. ఆడపిల్ల ఎవర్ని చేసుకున్నా ఆమె హక్కు ఆమెదే. దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే భూమి కోసం మేనరికం చేయాల్సిన పనే ఉండదు. మేనరికం మీద పోరాటమంటే ఆడబిడ్డ భూమి హక్కు కోసం పోరాటం కూడా అని మేము అనేది అందుకే.

ఇదొక్క కులం సంగతి కాదు. ముస్లిం ఇళ్ళలో చిన్నాన్న పెదనాన్న బిడ్డల మధ్య కూడా పెళ్ళిళ్ళు అవుతాయి. చుట్టరికం లేకపోయినా, తరతరాలు ఒకే చిన్న కులంలో ఇచ్చిపుచ్చుకుంటే కొన్ని జబ్బులు ఆ కులంలో పేరుకుంటాయి. మన తార్నాకలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకొని 2017లో వెలువరించిన అధ్యయనం ఇదే చెప్పింది. కులాంతర వివాహాలను మనం సమానత్వం కోసం బలపరుస్తూ వచ్చాం. ఆరోగ్యం లెక్క కూడా అటువైపే ఉంది.

తేనెటీగల సంగతి మరిచిపోవద్దు. దోస, సొర, గుమ్మడి, పొద్దుతిరుగుడు, ఉల్లి సీడు, ఇవన్నీ ఈగ వాలకపోతే కాయవు, లేదా సరిగా కాయవు. పూత మీద పొద్దున్నే మందు కొడితే పురుగుతో పాటు మన కూలీ కూడా చస్తుంది. డబ్బులడగని కూలీ అది. పూత మీద మందు మానండి. తప్పదనుకుంటే ఈగలు గూటికి చేరాక, పొద్దుగూకినప్పుడు కొట్టండి. గూళ్ళున్న పక్క రైతుకు ముందుగా చెప్పండి. దీనికి ఒక చిన్న లెక్క మొదలుపెడదాం. రోజూ ఒకే వేళకు, పది పూల ముందు పది నిమిషాలు నిలబడి ఎన్ని ఈగలు వచ్చాయో రాయండి. కూడికలు వచ్చిన ఏ పిల్లవాడైనా రాస్తాడు. మందు కొట్టిన రోజూ, కొట్టని రోజూ తేడా మన రాతలోనే కనిపిస్తుంది. కంపెనీ వాడు వచ్చి మా మందుకు ఈగలు చావవంటే, నోటితో కాదు, ఆ నోటుబుక్కుతో జవాబు చెబుదాం.

ఇక సంఘం ముందు పెడుతున్న పనులు.

ఒకటి. మేనరికం ఇప్పటికే కుదుర్చుకున్న ఇళ్ళు, ముఖ్యంగా మేనమామ, మేనకోడలు సంబంధమైతే, తాంబూలాలు పుచ్చుకోక ముందే జన్యు వైద్యుల సలహా తీసుకోవాలి. పిల్లకూ పిల్లవాడికీ ఇద్దరికీ తలసేమియా రక్త పరీక్ష చేయించాలి. జాతకాలు చూపించుకోవద్దని మేము చెప్పం. దాని పక్కన ఈ కాగితం కూడా పెట్టండి.

రెండు. ఇప్పటికే జబ్బు బిడ్డ ఉన్న ఇల్లు రెండో కాన్పుకు ముందే రావాలి. కడుపు నిలిచాక కూడా తొలి నెలల్లో వస్తే చేయగలిగిన పరీక్షలున్నాయి. ఆలస్యమైతే దారులు మూసుకుపోతాయి.

మూడు. పెళ్ళి వద్దన్న ఆడపిల్ల వైపు సంఘం నిలబడాలి. మా మహిళా విభాగం వాళ్ళు ఆ ఇంటికి వెళ్ళి మాట్లాడతారు.

నాలుగు. ప్రభుత్వాన్ని అడగాల్సింది. ప్రతి జిల్లా ఆసుపత్రిలో జన్యు సలహా కేంద్రం ఉండాలి. తలసేమియా పరీక్ష మండల స్థాయిలో ఉచితంగా దొరకాలి. నడిగడ్డ రైతు పంజాగుట్ట దాకా రావాల్సిన పని ఉండకూడదు.

ఐదు. మన విత్తనం సంగతి. 2001 చట్టం ప్రకారం రైతుకు తన విత్తనం దాచుకొనే, మార్చుకొనే హక్కుంది. కంపెనీ చెప్పినట్టు విత్తనం పనిచేయకపోతే పరిహారం అడిగే హక్కుంది. లెక్క రాసి పెట్టుకున్న రైతే ఈ హక్కును నిలబెట్టుకోగలడు. మొలకెప్పుడు, పూతెప్పుడు, మందెప్పుడు, అన్నీ తేదీలతో రాసుకోవాలి.

డార్విన్ జనాభా లెక్కల్లో ఒక్క ప్రశ్న చేర్చమని రాసిన ఉత్తరానికి ఆనాటి సభ కాదంది. ఆయన అక్కడితో కలం పక్కన పెట్టలేదు, కొడుకు చేత లెక్క తీయించాడు. మనం కూడా ఒక్కరి జవాబు చూసి ఆగిపోవద్దు. భోజనాల తర్వాత మనిషికో పోస్టుకార్డు ఇస్తాం. మీ జిల్లా కలెక్టరుకు రాయండి. జిల్లా ఆసుపత్రిలో జన్యు సలహా కేంద్రం కావాలని, మీ ఊళ్ళో ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆ సంఖ్య వేసి రాయండి. పేర్లు రాయొద్దు, సంఖ్య చాలు. రాయడం రానివాళ్ళకు పక్కవాళ్ళు రాసిపెట్టండి. మూడు నెలల్లో జవాబు రాకపోతే అవే సంఖ్యలు పట్టుకొని కలెక్టరేట్ల దగ్గరికి వెళ్దాం.

 జై కిసాన్.